ఒక అంగుళం కోత

పోయిన ఆదివారం బోధన్‌లో చూసిన ఒక రైఫిల్ ఈ వారమంతా నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నాకు తమ్ముడి వరసయ్యే ఆయన తన తాతగారి .315 రైఫిల్ మడమను రంపంతో కోయించాడు. సరిగ్గా ఒక అంగుళం. కోసిన చోట నల్లటి కొత్త రబ్బరు ప్యాడు బిగించి ఉంది.

పాత చెక్క మీద రంపం, ఉప్పుకాగితం, వార్నిష్ పడితే నేనేమంటానో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పూజగది తలుపైనా, హార్మోనియం పెట్టయినా, తుపాకీ అయినా నా మాట ఒకటే. అవిసె నూనె రాయండి, మెత్తటి బట్టతో తుడవండి, అంతకుమించి చెయ్యి పెట్టకండి.

పైగా అది మామూలు రైఫిల్ కాదు. బారెల్, బోల్టు బర్మింగ్‌హామ్ బీఎస్‌ఏ కంపెనీవి. చెక్క మాత్రం 1950లలో హైదరాబాద్ మిస్త్రీ ఒకాయన తాతగారి కోసం ప్రత్యేకంగా చేసింది. తాతగారు ఆరడుగుల పైచిలుకు మనిషి. కంపెనీ చెక్క ఆయన చేతులకు పొట్టిదయింది. అందుకని అక్రోటు దిమ్మె తెప్పించి, ట్రిగ్గర్ నుంచి మడమ చివరిదాకా 14¾ అంగుళాలు పెట్టించుకున్నారు. పట్టు దగ్గర చెక్కిన సన్నగళ్లు బొటనవేలు ఆనేచోట మాత్రం పూర్తిగా అరిగిపోయి గాజులా నున్నగా ఉన్నాయి. చెంప ఆనేచోట చెమటకూ నూనెకూ కర్ర నల్లబడింది. నిద్రలో లేపి చూపించినా ఆ మరకను బట్టి ఇది కుడిచేతి వాటం మనిషిదని చెప్పేయొచ్చు.

.315 ఎందుకంటే, ఆ రోజుల్లో .303 సైన్యం తూటా. మామూలు జనానికి దాన్ని ఇవ్వరు. సైన్యానికి పనికిరాని కొలతలో షికారీల కోసం వచ్చింది .315. ఇలాంటిదే ఇంకో కథ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెల్లదొరలు మన దేశంలో .450 రైఫిళ్లను ఆపేశారు, తిరుగుబాటుదారుల చేతికి ఆ తూటాలు చిక్కుతాయన్న భయంతో. దాంతో లండన్ తుపాకీ కంపెనీలు .465 అనీ .470 అనీ కొత్త కొలతలు పుట్టించాయి. ఆఫ్రికాలో ఏనుగుల వేటగాళ్లు తరాలపాటు మోసిన .470 వెనక ఇక్కడి సర్కారు భయం ఉంది.

వేట పోయినందుకు నాకు రవ్వంత బాధ లేదు. నిజాములు షికారు చేసిన పోచారం అడవి ఇప్పుడు అభయారణ్యం, అలాగే ఉండాలి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఈ రైఫిళ్లకు పని లేకుండా పోయింది. 1937లో బోధన్‌లోని షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచాక చుట్టుపక్కల పెరిగిన చెరుకుతోటల్లో పందుల కోసం రాత్రుళ్లు మంచె మీద కూర్చున్న వాళ్ల తుపాకులు బీరువాల్లోకి, పోలీస్ స్టేషన్లలోకి, డీలర్ల లాకర్లలోకి వెళ్లిపోయాయి. 2015లో ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మిగిలిందల్లా పనితనం. నేను ఇల్లిల్లూ తిరిగి చూసేదీ, కొలిచి రాసుకునేదీ దాన్నే. మన దగ్గర సేకరణ అంటే అదే. ఆయుధాల చట్టానికి 1983లో వచ్చిన సవరణ మనిషికి మూడు తుపాకుల దాకా ఒప్పుకుంది. 2019 సవరణ దాన్ని రెండుకు దించింది, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోనే. అమెరికాలో గోడ నిండా పెట్టుకుంటారు. 1964కు ముందటి వించెస్టర్ మోడల్ 70 మడమ కోసి ప్యాడు వేశారంటే అక్కడి సేకర్తలు ధర సగానికి సగం తగ్గించి మాట్లాడతారు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలన్నది వాళ్ల నియమం. నాదీ అదే.

ఆ కోపంతోనే అడిగాను, "గట్ల ఎందుకు కోయించినవ్ తమ్మీ?" అని.

"బిడ్డకు అందుతలేదన్నా. లైసెన్సు ఇప్పుడు బిడ్డ పేరు మీదనే ఉంది. రేంజికి పోయి కొడుతది. తాతది తాతకే సరిపోయింది."

జవాబేమీ చెప్పకుండా బయల్దేరాను. కానీ దారి పొడుగునా నా మనసులో మెదిలింది కోనసముద్రం.

ఆర్మూరు దాటి కమ్మర్‌పల్లి వైపు వెళ్తే వచ్చే ఊరది. ఒకప్పుడు ప్రపంచం మెచ్చిన మూస ఉక్కు అక్కడ తయారయ్యేది. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ కొలుములను కళ్లారా చూసి రాశాడు. ఆయన పోయాక, 1832లో, ఆ వ్యాసం కలకత్తాలో అచ్చయింది. వరిఊక కలిపిన మట్టితో మూసలు చేసేవారు. వాటిలో ఇనుము నింపి, మూతలు బిగించి, గంటల తరబడి తిత్తులు ఊదేవారు. మూస పగలగొడితే అరచేతిలో ఇమిడే ఉక్కు ముద్ద బయటపడేది. ఆ ముద్దల కోసం పర్షియా వర్తకులు సముద్రాలు దాటి వచ్చేవారు. ఇదే పద్ధతిని తమ దేశంలో చేసి చూశారు, కుదరలేదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలోని ఎన్ఐఏఎస్ సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి ఆ కొలుముల ఆనవాళ్లు నమోదు చేశాయి. మన బడిపిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? కోనసముద్రం పేరు జిల్లా పాఠాల్లోకి ఎక్కేదాకా నేను రాస్తూనే ఉంటాను.

ఈ ఊరి గురించి ఇన్నిసార్లు రాశాను గానీ ఒక సంగతి మీద ఎప్పుడూ ఆగలేదు. ఇక్కణ్నుంచి వెళ్లింది ముద్ద. దాన్ని సాగదీసి, ఎవడు పట్టుకుంటాడో వాడి చేతికి తగ్గట్టు పిడి పెట్టి, అప్పుడు కత్తి చేశారు. మనవాళ్ల పనితనం ఆ ముద్దతో ఆగిపోలేదు. అది పూర్తయింది ఎక్కడో పర్షియాలోని ఇస్ఫహాన్‌లో, ఒక మనిషి చేతికి ఇమిడినప్పుడు.

కొలిచి చేసే తుపాకీ సంగతీ అంతే. లండన్ కంపెనీల్లో ముందుగా కీళ్లున్న ఒక కొలత తుపాకీని భుజాన పెట్టిస్తారు. మడమ పొడుగెంత, కిందికి ఎంత వంగాలి, పక్కకి ఎంత వాలాలి అని సరిచూసి పుస్తకంలో రాసుకుంటారు. ఆ తర్వాతే అక్రోటు మీద ఉలి పెడతారు. కన్ను తూటా దారి మీదికి దానంతటదే రావాలి, మెడ వంచి వెతుక్కోకూడదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్ లాంటి వాళ్ల రైఫిళ్లకైతే మడమ, చెంపపట్టీ మరలతో ముందుకీ వెనక్కీ జరుగుతాయి. కర్రకు ఆ వీలు లేదు, కొయ్యాల్సిందే.

అసలు తాతగారు చేసిందేమిటి? బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన చెక్కను ఊడదీయించి పక్కన పడేశారు. నా నియమం ప్రకారం మొదటి నేరం ఆయనదే. నేను ఇన్నాళ్లూ అపురూపంగా చూసుకున్న 14¾ అంగుళాలు, కంపెనీ వాళ్లిచ్చినదాన్ని ఒక మనిషి తన ఒంటికి పనికిరాదని కాదన్నందువల్లే పుట్టాయి. ఆ కొలత ఇప్పుడు భూమ్మీద లేని భుజానిది. దాన్ని అలాగే బీరువాలో ఉంచితే ఆ మిస్త్రీ పనితనం ఎవరికీ అందకుండా పోతుంది. కోయించడం వల్ల అది మళ్లీ కొలతకు చేసిన తుపాకీ అయింది. ఆ అమ్మాయి చెంప ఆనేది తాతగారి మరక మీదే.

కాబట్టి ఇంట్లో ఇలాంటి రైఫిల్ ఉన్నవాళ్లకు చెప్తున్నాను. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండితే, ఆయన ఉండగానే వారసుల పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆయన పోయాక డిపాజిట్ చేసి మరచిపోతే, గడువు దాటాక ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. బారెల్ జోలికి మాత్రం వెళ్లకండి, దాన్ని పొట్టి చేయడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కిందికి వస్తుంది. చెక్క కోయించేటట్టయితే ముందు పాత కొలతలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎవరివో, ఏ సంవత్సరానివో పేరుతో సహా రాసి, కోసిన ముక్కను ఆ కాగితంలోనే చుట్టి లైసెన్సు పుస్తకం పక్కన పెట్టండి. మడమ రేపు ఇంకో భుజానికి మళ్లీ పెంచాల్సి రావచ్చు.