డిచ్‌పల్లి రామాలయాన్ని ఎలా చూడాలి

డిచ్‌పల్లి రామాలయానికి ‘ఇందూరు ఖజురహో’ (ఇందూరు అంటే నిజామాబాద్) అన్న పేరు ఎవరు తగిలించారో గాని, దాంతో గుడికి మేలు కన్నా కీడే ఎక్కువ జరిగింది. వచ్చినవాళ్లు 105 మెట్లూ ఎక్కి, గోడల మీద శృంగార శిల్పాలు ఎక్కడున్నాయా అని వెతికి, నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోతున్నారు. ఖజురహో చందేలులది, ఎక్కువగా ఇసుకరాయి పని. డిచ్‌పల్లి గుడి 14వ శతాబ్దం నాటి కాకతీయ సంప్రదాయంలోది. ఇక్కడి నలుపు, తెలుపు రాళ్లు ఉలికి అంత సులువుగా లొంగేవి కావు. అన్నిటికన్నా పెద్ద తేడా మరొకటుంది. ఇది సగంలో ఆగిపోయిన గుడి. చూడవలసింది ఆ సగమే అంటాను.

ఊరు చేరడం కష్టమేమీ కాదు. హైదరాబాద్ నుంచి 44వ జాతీయ రహదారి మీద వచ్చి నిజామాబాద్ వైపు మళ్లితే దారిలోనే తగులుతుంది. సికింద్రాబాద్–నిజామాబాద్ రైలు మార్గంలో స్టేషన్ కూడా ఉంది. డిచ్‌పల్లి అనగానే ఇప్పటివాళ్లకు తెలంగాణ విశ్వవిద్యాలయం, పోలీసు బెటాలియన్ గుర్తొస్తాయి. పాతతరానికి ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ 1915లో మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రి గుర్తొస్తుంది. గుడి మాత్రం బస్సు కిటికీలోంచి గుట్ట మీద కనబడి వెనక్కి వెళ్లిపోతుంది.

ఇక పనితనం సంగతి. కాకతీయుల స్థపతులకు రాయి ఎక్కడ పగులుతుందో తెలుసు. బండ మీద గీత గీసి, దాని వెంట వరుసగా గుంటలు తొలిచి, వాటిలో చీలలు దిగ్గొట్టి బండను చీల్చేవారు. ఆ గుంటల వరుసలు తెలంగాణలో చాలా పాత కోటల బండల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. చీల్చిన రాళ్లను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. బరువే బంధం. అవసరమైన చోట ఇనుప చీలలు వేసేవారు. కింద మెత్తటి నేల ఉంటే గొయ్యి తవ్వి ఇసుక నింపి దాని మీద గుడిని నిలిపారు. 1213 నాటి రామప్పలో, హనుమకొండ వేయిస్తంభాల గుడిలో ఆ పద్ధతే. రాతిగుట్ట మీద కడితే ఆ బెడద తక్కువ. అక్కడ కష్టమల్లా రాయిని పైకి చేర్చడమే.

గోడల విషయంలో వాళ్ల పద్ధతి చాలామటుకు ఒకటే. ముందు రాయిని తన చోట కూర్చోబెడతారు, తర్వాత చెక్కుతారు. మొదట మోటుగా ఆకారం, ఆపైన అంచులు, చిట్టచివర నగలు, కనురెప్పలు, నునుపు. పూర్తయిన రామప్పలో ఈ మెట్లేవీ కనబడవు, నునుపు వాటిని దాచేస్తుంది. ఆగిపోయిన గుడి దాచదు. టాకాలు వేసి వదిలేసిన చొక్కా చూస్తేనే కదా దర్జీ పని తెలిసేది! కాకతీయ రాజ్యం 1323లో కూలింది. ఈ గుడి పని ఆగడాన్ని ఆ కల్లోలంతో కలిపి చూడటం సహజమే.

లోపలికి వెళ్లాక తల ఎత్తండి. కాకతీయ మండపాల కప్పు వేసే తీరు తేలికైన లెక్క. నాలుగు స్తంభాల మీద నాలుగు దూలాలు పరిస్తే చదరం ఏర్పడుతుంది. దాని మూలలకు అడ్డంగా పలకలు వేస్తే లోపల ఇంకో చిన్న చదరం వస్తుంది. మళ్లీ మూలలు మూసుకుంటూ పోతే చివరికి ఒక్క పలక పట్టేంత సందే మిగులుతుంది. ఆ పలక మీద తామరపువ్వు చెక్కుతారు. స్తంభాలు కూడా ఒక క్రమంలో పైకి పోతాయి. ఒకచోట చదరంగా, ఒకచోట పలకలుగా, ఒకచోట గుండ్రంగా తిరిగి, నెత్తిన దూలాన్ని మోసే అడ్డరాయితో ముగుస్తాయి. శృంగార శిల్పాలకు ఇచ్చే చూపులో సగమైనా ఈ స్తంభాలకు ఇవ్వరెవరూ.

గుడికి దక్షిణాన చెరువు, దాని నడుమ మండపం. దాన్ని విడిచిపెట్టి వచ్చేవాళ్లే ఎక్కువ. గుట్ట, గుడి, నీళ్లు మూడూ కలిస్తేనే ఆ స్థలం. టర్కీలో ఒట్టోమన్ల కాలపు సఫ్రన్‌బొలు పట్టణాన్ని యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఒక మసీదునో ఒక హమామునో విడదీసి చూడలేదు. బజారు, కొండవాలు ఇళ్లు, తోటలు అన్నీ కలిపి చూసింది.   అలాంటి ఊళ్లు చూడటానికి లక్షలు పోసి విమానమెక్కేవాళ్లు ఇక్కడి మెట్లు ఎక్కడానికి బద్ధకిస్తారు.

వీలుంటే అదే రోజు నిజామాబాద్ ఖిల్లా కూడా చూడండి. కవి దాశరథి ఖైదీగా ఉన్న జైలు అక్కడిదే. రామాలయానికి మాత్రం పొద్దున్నే గాని పొద్దు వాలాక గాని వెళ్లండి. ఏటవాలు ఎండలోనే గోడల మీద ఉలి గాట్లు తేలి కనిపిస్తాయి. నడిమధ్యాహ్నం అంతా ఒకే మచ్చలా ఉంటుంది. చేతిలో టార్చి ఉంచుకోండి. శిల్పాలకు నూనె, పసుపు పూయకండి, సుద్దముక్కతో పేర్లు రాయకండి. పిల్లల్ని తీసుకెళ్తే చెక్కని రాయి ఒకటి, చెక్కిన రాయి ఒకటి పక్కపక్కన చూపించి, మధ్యలో ఏం పని జరిగి ఉంటుందో వాళ్లనే చెప్పమనండి.