ఐదు శ్రుతిలో రెండు మొదటి పాఠాలు

విశాఖ ఉక్కునగరంలో మా అక్కావాళ్లది రెండు పడగ్గదుల క్వార్టరు. బావకి సి షిఫ్టు పడిన వారం పగలంతా ఇల్లు గుసగుసల మీద నడుస్తుంది. సాయంత్రం ఆయన లేచి టీ తాగాకే పిల్లలకు గొంతెత్తే స్వేచ్ఛ. మొన్న వేసవిలో నేను వెళ్లినప్పుడు ముందు గదిలో మేనకోడలు కింది పోర్షను పిల్లలిద్దరికి గీతం చెబుతోంది. అది వర్ణాల దాకా వచ్చింది, ఇప్పుడు చిన్నవాళ్లను కూర్చోబెడుతోంది. వెనక గదిలో మేనల్లుడు కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ గిటార్ మీద, లోకంలో గిటార్ పట్టిన ప్రతివాడూ ముందుగా వాయించే ముక్కను వాయిస్తున్నాడు. డీప్ పర్పుల్ అనే రాక్ బృందం వారి 'స్మోక్ ఆన్ ది వాటర్' రిఫ్ అది.

రెండూ ఒకేసారి చెవిన పడ్డాయి. గోల అవుతుందనుకున్నాను, కాలేదు. ఆడపిల్లల గొంతుకని శ్రుతిపెట్టె ఐదులో పెట్టి ఉంది. మన ఐదు శ్రుతి అంటే వాళ్ల జి. ఆ రిఫ్ ఉన్నది జి లోనే. వాడి షడ్జమం, వాడి అక్క షడ్జమం ఒకటే. రెండు గదుల మధ్య తలుపు దగ్గర నిలబడి చాలాసేపు విన్నాను. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న కోరిక అక్కడే పుట్టింది.

గీతం సంగతి తెలుగువాళ్లకు పెద్దగా చెప్పనక్కర్లేదు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అయ్యాక నోటికి వచ్చే మొదటి పాట పిళ్లారి గీతం. సంప్రదాయం దాన్ని పురందరదాసుకు కడుతుంది. మలహరి రాగం, రూపక తాళం. మధ్యమంలో మొదలై తార రిషభాన్ని తాకి మెల్లగా దిగుతుంది. సంగతులు లేవు, పెద్ద గమకాలు లేవు, స్వరానికో అక్షరం. ఆరేళ్ల పిల్ల నోట పట్టేటంత చిన్నది.

రిఫ్ అంటే పాట మొదట్లో వచ్చి, మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే చిన్న వాద్యపు ముక్క. పల్లవి దగ్గరికి కీర్తన తిరిగి వచ్చినట్టు ఆ ముక్క దగ్గరికి పాట తిరిగి వస్తుంది. దీని పుట్టుకకు ఒక తేదీ ఉంది. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంట్రో ఊరి కాసినోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు, కాసినో తగలబడింది. అదే ఊళ్లో రికార్డింగు కోసం దిగిన డీప్ పర్పుల్ వాళ్లు జెనీవా సరస్సు మీద పొగ కమ్ముకోవడం చూశారు. పాట పేరు అక్కడిదే. గిటార్ రిచీ బ్లాక్‌మోర్‌ది. 1972 మార్చిలో 'మెషీన్ హెడ్' ఆల్బమ్‌లో వచ్చింది.

ఆ తేదీ విశాఖవాళ్లకు వేరే కారణంగా గుర్తు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగింది. డిసెంబరు 4 మనకు నేవీ డే. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర గిటార్ వీపున వేసుకుని తిరిగే కుర్రాళ్లకు, వాళ్లు వాయించే నీటి మీది పొగా, ఈ నీటి కిందకు పోయిన ఓడా ఒకే తేదీవని నేను చెప్పినప్పుడల్లా వాళ్ల ముఖాల్లో ఒక ఆశ్చర్యం చూస్తాను. అది కాకతాళీయమే. అయినా రిఫ్‌కు ఒక ఊరు, ఒక రోజు, ఒక మంట ఉన్నాయని తెలిశాక పిల్లలు దాన్ని వాయించే తీరు మారుతుంది, ఇది నేను కళ్లారా చూశాను.

ఇక రెంటి కట్టుబడి. రిఫ్‌లో ఉన్నవి మూడు ముక్కలు. మొదటి దానిలో మూడు మీట్లు, రెండో దానిలో నాలుగు, మూడో దానిలో ఐదు. మన లక్షణకారులు దీన్ని స్రోతోవహ యతి అంటారు, ఏరు పోనుపోను వెడల్పయినట్టు పెరిగే నడక. బ్లాక్‌మోర్‌కు ఆ మాట తెలియదు, తెలియనవసరమూ లేదు. పెరిగి పెరిగి చివర షడ్జమం మీద వాలితే చెవికి హాయి అన్నది మాంట్రోలోనూ విశాఖ మద్దిలపాలెంలోనూ ఒకటే.

నన్ను ఎక్కువగా పట్టేసింది మరొకటి. రిఫ్‌లో వాడిన స్వరాలు నాలుగే: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం. ఈ నాలుగోది మొత్తం రిఫ్‌లో ఒక్కసారే వస్తుంది, నడిమి ముక్కలో. వచ్చి వెంటనే శుద్ధ మధ్యమం మీదకి జారుతుంది. మన రాగాల్లో రెండు మధ్యమాలు ఇలా ఆనుకుని రావడం అరుదు. ఆ ఒక్క స్వరం తీసేసి వాయించి చూడండి, పప్పులో ఉప్పు మరిచినట్టుంటుంది. ఇప్పుడు మలహరి వైపు తిరగండి. ఎక్కేటప్పుడు అందులో గాంధారం లేదు, నిషాదం అసలే లేదు. దిగేటప్పుడు మాత్రం అంతర గాంధారం వస్తుంది. గీతం మొదటి అంగమంతా ఆ గాంధారాన్ని దాచి ఉంచి, షడ్జమానికి దిగే చివరి మెట్ల మీద చూపిస్తుంది. రెండు రచనలూ ఒక స్వరాన్ని కొంగున ముడివేసుకుని, సరైన చోట విప్పుతాయి. మొదటి పాఠాలుగా వీటికి ఇన్నాళ్లు చలామణి ఉండటానికి సులువు ఒక్కటే కారణమని నేననుకోను.

తేడా కాలం దగ్గర మొదలవుతుంది. గీతం ఆగదు. తాళంలో ప్రతి అక్షరానికీ స్వరం ఉంది, పిల్ల ఊపిరి ఎక్కడ తీయాలో వెతుక్కోవాలి. రిఫ్ బతికేదే ఆగడంలో. మొదటి మూడు మీట్లు దెబ్బ మీద పడతాయి, మూడోదాని తర్వాత ఖాళీ. రెండో ముక్క మాత్రం దెబ్బకు పక్కగా పడుతుంది. నేర్చుకునేవాళ్లలో చాలామంది తెలియకుండానే దాన్ని సరిచేసి దెబ్బ మీదకు తెచ్చేస్తారు. అక్కడితో రిఫ్ చచ్చిపోతుంది. స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, పాట ఉండదు.

రిఫ్ బలం తెలియాలంటే విశాఖవాళ్లు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న నినాదం 1966లో ఈ వీధుల్లో పుట్టింది. రెండు ముక్కలు, మధ్యలో ఊపిరంత ఖాళీ, రెండూ ఒకే ఒత్తు మీద ఆగడం. 2021లో ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడు కూర్మన్నపాలెం గేటు దగ్గర కొత్త తరం గొంతులు అదే ముక్కను, అదే ఆగడంతో ఎత్తుకున్నాయి. ఎవరూ వాళ్లకు వరస నేర్పలేదు. మధ్యలోని ఆ ఖాళీలోనే పక్కవాడు గొంతు కలుపుతాడు. ఖాళీ లేకుండా గబగబా అనేస్తే అది నినాదం కాదు, వార్త. మేనల్లుడికి ఇదే చెప్పాను: "ఉక్కు తర్వాత ఎంతసేపు ఆగుతారో, నీ మూడో మీటు తర్వాత అలా ఆగి చూడు" అని. వాడు బాల్కనీలోకి పోయి రెండు మూడుసార్లు చేయి గాల్లో ఊపుతూ నినాదం అనుకున్నాడు. వచ్చి వాయించాడు. కుదిరింది.

ఆగడం చెప్పినంత సులువు కాదు. ఈ రిఫ్ ఓపెన్ తీగల మీద మొదలవుతుంది. మెట్టు మీద నొక్కిన తీగను ఆపాలంటే వేలు సడలిస్తే చాలు. ఓపెన్ తీగ అలా ఆగదు, అరచేతితోనో వేలి మొనతోనో తాకి ఆపాలి. బావ నిద్ర చెడుతుందని మావాడు పగలు ఆంప్ లేకుండా వాయించేవాడు. ఎలక్ట్రిక్ గిటార్‌కు బోలు పొట్ట లేదు, తీగ కదలికను కింద ఉన్న అయస్కాంతపు పికప్ పట్టి ఆంప్‌కు పంపితేనే నాదం. ఆంప్ లేకపోతే సన్నటి తీగ చప్పుడు తప్ప ఏమీ వినపడదు, తప్పులూ వినపడవు. సాయంత్రం ఆంప్ పెట్టగానే తాకకూడని తీగలన్నీ మూలుగుతూ బయటపడేవి. గాత్రంలో ఇలాంటి దాపరికానికి చోటు లేదు. మేనకోడలి దగ్గర కూర్చున్న పిల్ల అపస్వరం పలికితే అప్పుడే, అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు నా ఫిర్యాదు. గీతాన్ని స్వరంతో నేర్పుతారు, రిఫ్‌ను అంకెలతో నేర్పుతారు. ట్యాబ్ అనే కాగితం మీద గీతలు తీగలు, అంకెలు మెట్లు. సున్నా, మూడు, ఐదు, ఆరు. మావాడు వెళ్లిన క్లాసులో మొదటి రోజే ఈ నాలుగంకెలు చెప్పి, ఒక్క తీగ మీద వాయించమని పంపేశారు. వారం తిరక్కుండా రెండో పాటకు దాటించారు. అసలు రిఫ్ ఒక్క తీగది కాదు. పక్కపక్కనున్న రెండు తీగలు, ప్రతి స్వరానికీ దాని కింద నాలుగో స్థానపు స్వరం. అవి ఓపెన్‌గా మోగితే కింద మంద్ర పంచమం, పైన షడ్జమం. అంటే తంబూరాలో మొదట మీటే ప, స! వాడి అక్క శ్రుతిపెట్టెలో మోగుతున్న జోడీయే వాడి గిటార్ మీద మొదటి మీటు. ఆ రోజు గోల కాకపోవడానికి అసలు కారణం ఇదే. దీన్ని అంకె చెప్పదు.

పైగా చాలామంది నాలుగుకు బదులు ఐదో స్థానపు జోడీలు, పవర్ కార్డులు వేసి బరువుగా కొడతారు. ప్లెక్ట్రమ్‌తో కిందికి గీస్తే రెండు తీగలు ఒకదాని వెనక ఒకటి మోగుతాయి. బ్లాక్‌మోర్ బొటనవేలు, చూపుడువేలితో రెంటినీ ఒక్కసారే లాగి వదులుతాడు. ఆ లాగుడులోనే రిఫ్ ముఖం ఉంది. అదే బృందంలోని జాన్ లార్డ్ హేమండ్ ఆర్గన్ తోడై దాన్ని ఇంకా ఒరుసుకునేలా చేస్తుంది. ఇవన్నీ వదిలేసి మిగిలిన నాలుగంకెలను 'స్మోక్ ఆన్ ది వాటర్ వచ్చేసింది' అనడం, గీతంలో సాహిత్యం తీసేసి తాళం తీసేసి 'సంగీతం వచ్చేసింది' అనడం లాంటిదే.

నోటికి రానిది చేతికి రాదన్నది మన దగ్గర పాత మాట, విద్యుత్ వాద్యానికీ అది వర్తిస్తుందని మన పాలకొల్లే రుజువు చేసింది. మాండలిన్ శ్రీనివాస్ 1969లో అక్కడ పుట్టాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద తిరిగి పలికించేవాడు. వేలు ఏ మెట్టు మీద పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడమే ఆ పిల్లవాడికి వరమైంది. పరాయి వాద్యం మన నోటి దారిన రావడం విశాఖకూ కొత్త కాదు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెరిగింది ఈ ఊళ్లోనే, 1919లో విజయనగరం సంగీత కళాశాలకు ఆచార్యులుగా వెళ్లారు. ఫిడేలుకు మెట్లు లేవు కనుక గొంతు వెంట జారగలిగిందని, గిటార్‌కు మెట్లున్నాయి కనుక అది కుదరదని వాదించేవాళ్లున్నారు. వీణకు ఇరవై నాలుగు మెట్లున్నాయి. బొబ్బిలిలో పనస దుంగ తొలిచి, మైనం మీద ఆ మెట్లు నిలబెట్టే వాళ్లను అడిగితే చెబుతారు, మెట్టు మీద తీగ పక్కకు లాగితే గమకం ఎలా పుడుతుందో. ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లు బెండ్ అనేదీ ఆ లాగుడునే.

ఇంతా చెప్పి గీతం పక్షాన తీర్పు ఇస్తున్నానని అనుకోవద్దు. మన ఇళ్లలో గీతానికి జరిగే అన్యాయం తక్కువది కాదు. కీర్తనకు పోయే తొందరలో దాన్ని బడి పద్యంలా అప్పజెప్పించి వదిలేస్తాం. రూపకంలోని రెండు, నాలుగు విరుపు వినిపించేలా పాడే పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గాంధారం దాగి ఉండి బయటికి రావడమనే అందాన్ని ఏ పంతులు గారూ నా చిన్నప్పుడు నాకు చూపించలేదు. నలభై దాటాక, గిటార్ వింటూ దాన్ని కనిపెట్టాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి: గీతం తప్పుగా పాడితే తప్పని తెలుస్తుంది, రిఫ్ తప్పుగా వాయించినా గుర్తుపడతారు, చప్పట్లు కొడతారు. అందుకే రిఫ్ నేర్చుకునే పిల్లలకు ఎక్కువ శ్రద్ధ పెట్టే పెద్దవాళ్లు కావాలి.

మరో చిన్న విషయం. సముద్రపు ఉప్పుగాలికి ఈ ఊళ్లో ఉక్కు తీగలు తొందరగా తుప్పు పడతాయి. అయస్కాంతం పట్టాలంటే తీగ ఉక్కుదే కావాలి, నైలాన్ పనికిరాదు. వాయించాక పొడి గుడ్డతో ప్రతి తీగనూ కిందనుంచి పైదాకా తుడవమని మావాడికి నేర్పాను. వైర్ రాడ్ మిల్లు చూసిన బావ ఆ తీగను గోటితో గీకి, "ఇంత సన్నం లాగాలంటే ఎన్ని అచ్చుల్లోంచి వెళ్లుంటుందో" అన్నారు.

మూడో సాయంత్రం నేను వాడికి గీతం ఇచ్చాను. అదే జి తీగ మీద, ముందు నోటితో, తర్వాత చేత్తో. మధ్యమం ఐదో మెట్టు, పంచమం ఏడు, ధైవతం ఎనిమిది, పై షడ్జమం పన్నెండు. ఐదో మెట్టు దగ్గర రిఫ్, గీతం రెండూ కలుస్తాయని వాడే చూసి మురిసిపోయాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు నాలుగో మెట్టు మీద పడాల్సిన వేలు, నెల రోజుల అలవాటుతో మూడో మెట్టుకు పోయింది.

ముందు గదిలోంచి తాళం ఆపకుండానే వాడి అక్క కేకేసింది: "ఒరేయ్, అంతర గాంధారం రా!"

వాడు వేలు ఒక మెట్టు పైకి జరిపి, మళ్లీ మధ్యమం నుంచి అందుకున్నాడు.