రాతప్రతిని బతికించేది చదువరే

క్రీ.శ. 959లో, ఇప్పటి కరీంనగర్ జిల్లాలోని గంగాధరలో, సోమదేవసూరి అనే జైన ముని ‘యశస్తిలక చంపువు’ను పూర్తిచేశాడు. అప్పుడు ఈ నేలను వేములవాడ చాళుక్యులు ఏలుతున్నారు. ఆ వంశం అంతరించింది. సోమదేవుడి చేతిరాత ఎప్పుడో మట్టిలో కలిసింది. గ్రంథం మాత్రం మిగిలింది. 20వ శతాబ్దం మొదట్లో ముంబైలోని నిర్ణయసాగర్ ముద్రణాలయం దాన్ని అచ్చువేసింది. 1949లో కృష్ణకాంత హాండికీ దాని ఆధారంగా పదో శతాబ్దపు దక్కను జీవితాన్ని వివరిస్తూ పెద్ద పరిశోధన గ్రంథమే వెలువరించారు.

వెయ్యేళ్లు ఆ గ్రంథాన్ని కాపాడింది కోటగోడలు కాదు, జైనుల శాస్త్రదానం. పాతబడిన గ్రంథానికి కొత్త ప్రతి రాయించి గుడికో మఠానికో ఇవ్వడం వాళ్లకు పుణ్యకార్యం. అలా ఒక ప్రతి చివికేలోగా మరొకటి తయారైంది. ఒక ఊళ్లోది కాలిపోయినా ఇంకో ఊళ్లోది నిలిచింది.

నిజామాబాద్ జిల్లాలోని మన వర్నిలో ఈ సంగతి తలచుకోవడానికి కారణం ఉంది. మన పక్కనున్న బోధన్ నుంచే వేములవాడ చాళుక్యులు తొలినాళ్లలో పాలించారని చరిత్రకారులు చెబుతారు. మంజీర ఒడ్డున ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ శతాబ్దాలుగా కలిసి బతికాయి. నిజాంసాగర్ నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకుని ఇక్కడే స్థిరపడ్డారు. ఇన్ని భాషలు, ఇన్ని కుటుంబాలు చేరిన చోట, ఏ అటక మీదో, ఏ దేవుడి గూట్లోనో పాత కట్ట ఒకటి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. అది పురాణమే కానక్కర్లేదు. వైద్యం కావచ్చు, జ్యోతిషం కావచ్చు, కరణాల కవిలె కట్ట కావచ్చు, నిజాం కాలపు ఫారసీ దస్తావేజు కావచ్చు.

తాళపత్రం తయారీ ఓపికతో కూడిన పని. శ్రీతాళం ఆకు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. తాటాకు మందంగా, బిరుసుగా ఉంటుంది. మరీ లేతా మరీ ముదురూ కాని ఆకును కోసి, ఈనె తీసి, ఉడకబెట్టి లేదా నానబెట్టి, నీడపట్టున ఆరబెడతారు. ఉడికించే నీళ్లలో పసుపు వేయడమూ ఉంది. తర్వాత నున్నటి రాయితోనో శంఖంతోనో రుద్ది సాపు చేసి, అంచులు కత్తిరించి, తాడు కోసం రంధ్రాలు పెడతారు. దాని మీద రాసేది సిరాతో కాదు, ఇనుప గంటంతో. గంటం గీసిన గీతల్లో మసిని నూనెతో కలిపి రుద్ది, పైపైన తుడిచేస్తే అక్షరం నల్లగా తేలుతుంది. ఆకులన్నిటికీ తాడు ఎక్కించి, కిందా మీదా చెక్కపలకలు పెట్టి, గుడ్డలో బిగించి కడితే గ్రంథమైంది.

ఇంత చేసినా మన ఎండలకు, వానలకు, చెదలకు ఆకు చిరకాలం నిలవదు. ఇప్పుడు మనకు దొరికే తెలుగు తాళపత్రాలు చాలావరకు రెండు మూడు వందల ఏళ్ల లోపువే. నన్నయ 11వ శతాబ్దపు కవి. ఆయన చేతి ఆకు ఒక్కటీ లేదు. మనం చదివే భారతం ప్రతికి ప్రతి రాసిన వ్రాయసకాండ్ర చలవ.

తిరగరాసిన ప్రతిసారీ తప్పు దొర్లే వీలుంది. తాళపత్రంలో పదాల మధ్య ఖాళీ ఉండదు, పాదం ముగిసిందని పంక్తి మారదు. ప-వ వంటి అక్షరాలు ఒకదానికొకటి పొరపడతాయి. రెండు పంక్తుల్లో ఒకే మాట ఉంటే రాసేవాడి కన్ను ఒకదాని నుంచి రెండోదానికి దూకి, మధ్యలోది ఎగిరిపోతుంది. ఇక్కడే తెలుగు ఛందస్సు పండితుడికి అక్కరకొస్తుంది. కందంలోనో వృత్తంలోనో నాలుగు పాదాల రెండో అక్షరం కలవకపోతే, యతి తప్పితే, గణం కుంటుపడితే ఆ చోట పాఠం చెడిందని అనుమానించాలి. అప్పుడు మరో ఊరి ప్రతి తీసి పోల్చాలి. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించిన పని ఇదే. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు సేకరించి, పాఠభేదాలు గుర్తించి, శుద్ధప్రతి రాయించేవాడు. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో 1851లో వెలువడిన మనుచరిత్ర అలాంటి శ్రమకు ఫలం.

గ్రంథం చివరి పుష్పిక మరో నిధి. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ ఊళ్లో ముగించారు అన్నది అక్కడ దొరుకుతుంది. కాలం మాత్రం తరచూ సంవత్సరం పేరుతోనే ఉంటుంది. ప్రభవ అని రాస్తే అది 1747 కావచ్చు, 1807 కావచ్చు, 1867 కావచ్చు. తిథి, వారం కూడా రాసి ఉంటే లెక్కగట్టి ఏ ప్రభవో తేల్చవచ్చు. పూర్వం రోజులు పట్టిన ఈ గణితాన్ని కంప్యూటరు క్షణంలో చేసిపెడుతుంది.

ఒక్క ప్రతి చదవడం వల్ల సాహిత్య చరిత్రే మారిన సందర్భం మనకుంది. మానవల్లి రామకృష్ణకవి తంజావూరు సరస్వతీ మహల్‌లో నన్నెచోడుడి కుమారసంభవాన్ని గుర్తించి 1909లో తొలిభాగం అచ్చువేయించారు. తెలుగు పాఠకులకు అప్పటిదాకా తెలియని మహాకవి ఒక్కసారిగా ఎదుట నిలిచాడు. ఆయన కాలమెప్పుడన్న వాదం ఆనాడే మొదలైంది. ఆ ఆకులు అంతకుముందూ ఆ గ్రంథాలయంలోనే ఉన్నాయి. చదివేవాడు వచ్చాకే కవి బతికాడు.

అన్నమయ్య సంకీర్తనలదీ అదే కథ. తాళ్లపాకవారు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో దాచారు. రాగికి చెదలు పట్టవు. అయినా శతాబ్దాల పాటు ఆ రేకులు మూగగానే పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కూర్చుని పరిష్కరించిన తర్వాతే ఆ పాటలు ఇంటింటికీ చేరాయి. పదార్థం ఎంత గట్టిదైనా చదువరి లేకపోతే గ్రంథం ఉండీ లేనట్టే.

డిజిటల్ కాలాన్ని ఈ వెలుగులోనే చూడాలి. స్కానింగ్ మన కాలపు తిరగరాత. దానికీ నియమాలున్నాయి. ముందు ఆకుల మీది దుమ్మును మెత్తటి కుంచెతో తీస్తారు. బిరుసెక్కిన ఆకును నిపుణులు నిమ్మగడ్డి నూనెతో మెత్తపరుస్తారు. ప్రతి ఆకునూ రెండు వైపులా, కొలబద్ద, రంగుల పట్టీ పక్కన పెట్టి ఫొటో తీస్తారు. మసి పట్టని ఆకు మీద అక్షరం కనిపించకపోతే దీపాన్ని పక్కవాటుగా పెడితే గంటపు గాడిలో నీడ పడి అక్షరం తేలుతుంది. ఆకు సంఖ్య, గ్రంథం పేరు, దొరికిన చోటు, పుష్పికలోని వివరం ఆ ఫొటోతో పాటే నమోదు కావాలి. ఇవి లేని ఫొటో పేరూ ఊరూ చెప్పలేని తప్పిపోయిన పిల్లవాడితో సమానం.

కంప్యూటరు ఒక్కటే కాపాడుతుందనుకోవడమూ పొరపాటే. 2023 అక్టోబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, అది ఆన్‌లైన్‌లో పెట్టిన వేల రాతప్రతుల బొమ్మలు చాలాకాలం ఎవరికీ అందలేదు. అందుకే ఒకే బొమ్మకు నాలుగు చోట్ల నకళ్లు ఉండాలి. జైనుల శాస్త్రదానం నేర్పిన పాఠం కంప్యూటరుకూ వర్తిస్తుంది. పాత లిపిని యంత్రానికి నేర్పే పని కూడా ఇంకా సాగుతూనే ఉంది. పాత ప్రతుల్లో కనిపించే నకారపొల్లుకు యూనికోడ్‌లో చోటు దక్కింది 2021లోనే. యంత్రం చదివిన పాఠాన్ని సరిచూడడానికి వలపలగిలక, అరసున్న, బండిర తెలిసిన మనిషి కావాలి. అలాంటి మనుషులు తగ్గిపోవడమే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెడుతోంది.

కేంద్రం 2003లో జాతీయ రాతప్రతుల మిషన్‌ను ప్రారంభించింది. 2025-26 బడ్జెట్‌లో జ్ఞానభారతం మిషన్‌ను ప్రకటించి, కోటికి పైగా రాతప్రతుల సర్వే, నమోదు, సంరక్షణను లక్ష్యంగా పెట్టుకుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. అయితే సర్వే మన గడప తొక్కేదాకా ఆగనక్కర్లేదు.

వర్ని, కోటగిరి, బోధన్, బాన్సువాడ ఊళ్లలోని పెద్దలకు నా మనవి ఇది. మీ ఇంట పాత కట్ట ఉంటే నదిలో కలపకండి. తాడు తెంపకండి, అంటుకున్న ఆకులను బలవంతంగా విడదీయకండి, వంటనూనె పూయకండి. ఎండలో పెట్టకండి. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతిని 1972 చట్టం పురావస్తువుగా గుర్తిస్తుంది. దాన్ని విదేశాలకు అమ్మి పంపడం నేరం. కట్ట ఉన్నది ఉన్నట్టే ఫొటోలు తీయించి, అది మీ ఇంటికి ఎలా వచ్చిందో ఇంట్లోని పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. ఆకు మీ ఇంట్లోనే ఉండవచ్చు, నకలు మాత్రం నలుగురికీ అందనివ్వండి.

తెలుగు ఉపాధ్యాయులకు మరో మాట. ఏడాదికి ఇద్దరు విద్యార్థులకైనా తాళపత్రపు లిపి చదవడం నేర్పండి. కోటి బొమ్మలు తీసే కెమెరాలు డబ్బుకు దొరుకుతాయి. చదివే కళ్లను మాత్రం మన బళ్లలోనే తయారుచేసుకోవాలి.