గూస్‌బెరీ ఉసిరిక కాదు

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెరచి గూస్‌బెరీ అను మాటకు అర్థము వెదకినచో, తరచుగా కనబడునది “ఉసిరికాయ”. పండ్ల పటములకు పేర్లు వ్రాయువారును, పత్రికలకు శాస్త్రవిషయములు తెనిగించువారును ఆ అర్థమునే నమ్ముకొనియున్నారు. పిల్లవాడు అడిగినచో ఉపాధ్యాయుడు కూడ అదే చెప్పును. మాటకు మాట దొరకినదను తృప్తియే గాని, ఆ రెండు మాటలును ఒకే మొక్కను చెప్పుచున్నవా అని విచారించు వారు తక్కువ. నా ఫిర్యాదు ఈ అలవాటు మీదనే. మాట చిన్నదే, దానివెంట వచ్చు తప్పులు మాత్రము చిన్నవి కావు.

మొదట రెండు మొక్కలను ప్రక్కప్రక్కన నిలిపి చూతము. ఐరోపాలో గూస్‌బెరీ అనగా మనిషి ఎత్తునకు మించని ముళ్ల పొద. దాని శాస్త్రనామము రైబిస్ యువా-క్రిస్పా. ఆకులు, ప్రత్తి ఆకును బాగా చిన్నది చేసినట్లు, తమ్మెలుగా చీలి యుండును. కాయలో మెత్తని గుజ్జు, ఆ గుజ్జులో అనేకమైన సన్నగింజలు. ఎండిన పూవు కాయ కొనకు తోకవలె అంటుకొని యుండును. పచ్చికాయ పులుపు, పండినది తీపి. ఇంగ్లండులో పచ్చికాయలను చక్కెరతో ఉడికించి మీగడ కలిపి తిందురు, జాము చేయుదురు. యార్క్‌షైరులోని ఎగ్టన్ బ్రిడ్జి అను పల్లెలో 1800 నుండి ఏటేట ఎవరి కాయ బరువైనదో తూచి బహుమతి ఇచ్చు పోటీ కూడ కలదు.

మన ఉసిరిక ఫిలాంథస్ ఎంబ్లికా. ఇది చెట్టు, ముండ్లు లేవు. సన్నని రెమ్మలకు ఇరుప్రక్కల చింతాకును తలపించు చిన్న ఆకులుండును. కాయమీద నిలువుగా ఆరు చారలు, లోపల ఒకే గట్టి టెంక, ఆ టెంకలో ఆరు గింజలు. వృక్షశాస్త్ర పరిభాషలో గూస్‌బెరీ మృదుఫలము, ఉసిరిక టెంకగల ఫలము. కుటుంబములు వేరు, ప్రజాతులు వేరు. ఇంత దూరపు మొక్కలను కలిపినవి మూడు పోలికలు మాత్రమే: ఆకుపచ్చని రంగు, గుండ్రని ఆకారము, పులుపు. వాటిని చూచియే ఇంగ్లీషువారు మన కాయను “ఇండియన్ గూస్‌బెరీ” అని పిలిచియుందురు. వారిని తప్పు పట్టలేము. కొత్త ఊరికి పోయినవాడు ప్రతి ముఖములోను తన ఊరివారి పోలిక వెదకుకొనును. వారు జాగ్రత్తగా ముందు తగిలించిన “ఇండియన్” అను విశేషణమును ఊడబెరికి, మిగిలిన మాటకు ఉసిరిక అని అర్థము వ్రాసినది మనమే.

ఇంగ్లీషువారికి ఈ పేరు ఎంత ఉదారమైనదో చూడుడు. పలుచని కాగితపు బుడ్డలో కూర్చున్న పసుపు పండు, హిందీలో రసభరి అనునది, వారికి “కేప్ గూస్‌బెరీ”. నిజమునకు అది టమాటా కుటుంబములోనిది. మన చేలగట్లపై మొలచు బుడ్డబూసరకు దాయాది. ముక్కలు కోసినచో నక్షత్రమువలె కనబడు కరంబోలా పండును పాత ఇంగ్లీషు నిఘంటువులు “కోరమాండల్ గూస్‌బెరీ” అన్నవి. మన తీరము పేరు పెట్టుకొన్న ఆ గూస్‌బెరీయును గూస్‌బెరీ కాదు, ఉసిరికయును కాదు. ఇక “చైనీస్ గూస్‌బెరీ” ఉన్నది. దాని విత్తనములు 1904లో చైనా నుండి న్యూజీలండు చేరినవి. ఆ పండును అమెరికాకు ఎగుమతి చేయదలచిన వర్తకులు ఆ పేరుతో లాభము లేదని 1959లో దానికి కివీపండు అని కొత్తపేరు పెట్టిరి. ఈ పండ్లన్నిటిని నిఘంటువు చెప్పినట్లు తెనిగించినచో మన విద్యార్థికి ఎన్ని ఉసిరికలు దొరకునో!

ఈ విషయములో తెలుగు రైతుకున్న చూపు ఇంగ్లీషు నావికునికి లేదనవలెను. మనము పెద్ద ఉసిరిక, రాచ ఉసిరిక, నేల ఉసిరిక అందుము. ఒకటి పెద్ద చెట్టు, ఒకటి గుత్తులుగా కాయు చిన్న చెట్టు, ఇంకొకటి జానెడు కలుపు మొక్క. పైకి వీటికి పోలిక ఏమున్నది? కాని మూడును ఫిలాంథస్ ప్రజాతిలోనివే. రెమ్మపై ఆకుల అమరికను, ఆకు క్రింద వ్రేలాడు కాయను గమనించిన వాడే ఇట్టి పేరు పెట్టగలడు. ఇంత చక్కగా ఒక ప్రజాతికి అమరిన మాటను తెచ్చి, దానికి సంబంధము లేని ముళ్లపొదకు అంటగట్టుట మన భాషకే నష్టము.

తప్పు పేరు తప్పు అంకెలను తెచ్చును. ఉసిరికలో సి విటమిను మెండని అందరికి తెలియును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలలో 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములని యున్నది. 2017 పట్టికలో సుమారు 250 అని యున్నది. ఏది తీసికొన్నను ఐరోపా గూస్‌బెరీకి అది అందదు. దానిలో ఉండునది 100 గ్రాములకు సుమారు 28 మిల్లీగ్రాములు మాత్రమే. విదేశీ పుస్తకములోని గూస్‌బెరీ వరుసను చూచి ఉసిరిక ఎదుట వ్రాసికొన్న విద్యార్థి, కాయకున్న ముఖ్యగుణమునే పోగొట్టుకొనుచున్నాడు.

ఇంతకంటె పెద్ద చిక్కు అమెరికా చట్టముల కథ చదువునప్పుడు వచ్చును. “అమెరికాలో గూస్‌బెరీ పెంచుట నిషేధము” అను వాక్యము తెలుగులో “ఉసిరిక పెంచుట నిషేధము” అయినచో, చదువరి ఏమనుకొనవలెను? కార్తికములో మనము చెట్టుక్రింద వనభోజనము చేయు ఉసిరికను అక్కడ విషవృక్షముగా ఎంచినారనుకొనును. జరిగినది వేరు.

తెల్ల పైన్ చెట్లకు, అనగా సూదులవంటి ఆకులు ఐదేసి కలిసి యుండు పైన్ జాతులకు, క్రొనార్షియం రైబికోలా అను శిలీంధ్రము వలన ఒక కుంకుమ తెగులు వచ్చును. ఈ శిలీంధ్రము బ్రతుకు రెండిళ్ల కాపురము. కొంతకాలము పైన్‌పై, కొంతకాలము రైబిస్ ప్రజాతి పొదలపై, అనగా గూస్‌బెరీ, కరంట్ మొక్కలపై, గడపనిదే దాని చక్రము పూర్తికాదు. పైన్ బెరడును చీల్చుకొని వచ్చు సిద్ధబీజములు గాలిలో వందల కిలోమీటర్లు పోయి రైబిస్ ఆకులపై పడును. పైన్‌కు మాత్రము అంటవు. వేసవిలో రైబిస్ నుండి రైబిస్‌కు వ్యాపించిన పిదప, ఆ ఆకులపై పుట్టు మరియొక విధమైన సిద్ధబీజములే తిరిగి పైన్ సూదులను పట్టును. ఇవి సుకుమారములు, సాధారణముగా కొన్ని వందల మీటర్లకు మించి బ్రతికి పోలేవు. రైబిస్ పొదకు కొన్ని ఆకులు రాలుటయే నష్టము. పైన్‌కు ప్రాణమే పోవును. కనుక పైన్ చుట్టుపట్ల రైబిస్ లేకుండ చేసినచో తెగులు ఆగునని అధికారులు తలచిరి. ఆ తర్కములో దోషము లేదు.

దోషము కథ మొదటనే ఉన్నది. ఈ తెగులు అమెరికాకు గూస్‌బెరీలతో వచ్చినది కాదు. అడవులు తిరిగి పెంచుటకై ఐరోపా నారుమళ్ల నుండి కొనితెచ్చిన తెల్ల పైన్ నారుతో, 1900 ప్రాంతమున వచ్చినది. 1906లో న్యూయార్క్ రాష్ట్రములోని జెనీవాలో రైబిస్ మొక్కలపై కనబడినది. 1909లో జర్మనీ నుండి వచ్చిన పైన్ నారులో గుర్తించిరి. మొక్కల దిగుమతిని అదుపుచేయు చట్టము 1912లో వచ్చినది. దానిక్రింద వెలువడిన మొదటి నిషేధాజ్ఞ ఈ తెగులును గురించినదే. పిమ్మట రైబిస్ పొదల వేట మొదలైనది. 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ యువకులు అడవులలో వరుసగా నడచుచు పొదలను చేతులతో పెకలించిరి. కొన్ని తూర్పు ప్రాంతములలో ఫలితము కనబడినది. పడమటి కొండలలో మాత్రము, మట్టిలో దాగిన విత్తనములు మరల మొలచుచుండగా, పని వృథాయైనది. కేంద్రప్రభుత్వ నిషేధమును 1966లో ఎత్తివేసిరి. రాష్ట్రములకు తమ తమ ఆంక్షలు మిగిలినవి. న్యూయార్క్ 2003లో బ్లాక్‌కరంట్ సాగునకు మరల అనుమతించినది. మెయిన్ మొదలైన కొన్ని రాష్ట్రములలో ఆంక్షలు ఇప్పటికిని కలవు. ఈ తెగులునకు అన్నిటికంటె తేలికగా లోబడునది బ్లాక్‌కరంట్; గూస్‌బెరీ అంతగా లోబడదు. అన్నిటిని ఒకే గాటను కట్టిన చట్టములకు కూడ పేర్ల విషయములో మనవంటి అజాగ్రత్తయే ఉన్నదనిపించును.

ఐరోపా నుండి అమెరికాకు కుంకుమ తెగులు పోయినట్లే, అమెరికా నుండి గూస్‌బెరీ బూడిద తెగులు ఇటు వచ్చినది. 1900లో ఐర్లండులో కనబడి త్వరలోనే బ్రిటన్ తోటలను పట్టుకొన్నది. అచ్చట 1907లో తెగుళ్ల చట్టమును విస్తరింపజేసినది ఈ కాయయే. ఇది ఉసిరిక కథ కానేకాదు. ఉసిరికకును ఒక కుంకుమ తెగులున్నది. దాని పేరు రవెనీలియా ఎంబ్లికే. అది పైన్‌ల జోలికి పోదు. మన వ్యవసాయ వ్యాసములలో “గూస్‌బెరీ రస్ట్” అని చదివి విదేశీ గ్రంథములో చికిత్స వెదకువాడు, వేరొక మొక్కకు వచ్చు వేరొక జబ్బును చదివి తిరిగివచ్చును.

మన మైదానములలో గూస్‌బెరీ సాగునకు చట్టము అడ్డు కాదు, శీతోష్ణమే అడ్డు. చలికాలములో కొన్ని వందల గంటలు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువ చలి తగిలినగాని దాని మొగ్గలు సరిగా విచ్చవు. రాయలసీమలో ఆ పొదను నాటి ప్రయోజనము లేదు. హిమాలయములలో మాత్రము రైబిస్ జాతులు సహజముగానే పెరుగుచున్నవి.

సాహిత్య అనువాదకులకు ఒక మాట. చెహోవ్ 1898లో వ్రాసిన “గూస్‌బెరీలు” కథలో ఒక చిన్న ఉద్యోగి జీవితమంతయు కూడబెట్టి ఒక ఎస్టేటు కొని ఇరువది పొదలు నాటును. అక్కడ “ఉసిరిక చెట్లు” అని వ్రాసినచో, కొద్ది ఏండ్లలో కాయు పొద కాస్త తోపుగా మారి, ఆ మనిషి కోరికలోని అల్పత్వమే చెదరిపోవును.

మరి ఏమని వ్రాయవలెను? “సీమ ఉసిరి” అందమా? సీమ అనునది పరాయిదని హెచ్చరించును గాని, బంధుత్వమున్నదను భ్రమను కూడ కలిగించును. సీమచింత చింత కాదని మనకు తెలియుటకు చెట్టు ఎదుట ఉన్నది. గూస్‌బెరీ పొద మన ఎదుట లేదు. బాతుపండు అని కొత్తగా కల్పించుట ఇంకను అన్యాయము, ఆ ఇంగ్లీషు మాటలో నిజముగా బాతు ఉన్నదా అనునదే పండితులలో వివాదము. బస్సును, రేడియోను తీసికొన్న భాష గూస్‌బెరీని గూస్‌బెరీగానే తీసికొనగలదు. మొదటిసారి వ్రాయునప్పుడు ప్రక్కన రైబిస్ అని చేర్చినచో చాలును. ఉసిరికను ఇంగ్లీషులో చెప్పవలసివచ్చినప్పుడు ఆమ్లా అనుట మేలు. ఇప్పుడు ఇంగ్లీషు పుస్తకములును ఆ మాటను వాడుచున్నవి. తరగతి గోడపై పండ్ల పటమున్నచో, గూస్‌బెరీ బొమ్మ క్రింద ఆకు తమ్మెలుగా ఉన్నదా, కొమ్మకు ముల్లున్నదా అని ముందు చూడవలెను. ఆకు చింతాకువలె, కాయకు ఆరు చారలు ఉన్నచో, పేరును కొట్టివేసి ఉసిరిక అని వ్రాయవచ్చును.