వెనక్కి జరిపిన బరువు

పోర్టబుల్ బాస్కెట్‌బాల్ పోలు కోసం మా షెడ్డుకి వచ్చేవాళ్లు ముందు బోర్డు చూస్తారు. అక్రిలిక్కా, గాజా అని వేలితో కొట్టి మరీ చూస్తారు. తర్వాత రింగు. స్ప్రింగు ఉందా, చిన్నపిల్లల కోసం ఎత్తు తగ్గించుకోవచ్చా అని అడుగుతారు. రంగు గురించి కాసేపు తర్జనభర్జన, ఆపైన బేరం. అడుగున ఉన్న పెట్టె వైపు చూసేది దాన్ని లారీ ఎక్కించాల్సిన హమాలీలు మాత్రమే. "దీనికింత బరువెందుకు సారూ?" అని వాళ్లు విసుక్కుంటూ అడిగినా నాకు ముచ్చటేస్తుంది. ఆ సరుకు గురించి అడగాల్సిన ప్రశ్న అదే మరి.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టినప్పుడు ఈ ప్రశ్న అవసరమే పడలేదు. జిమ్ బాల్కనీ అంచుకి పీచ్ పళ్ల బుట్టలు కొట్టించాడు. బాల్కనీ పదడుగుల ఎత్తులో ఉంది కాబట్టి బుట్ట ఎత్తూ పదడుగులైంది. ఇప్పటికీ అంతే, 3.05 మీటర్లు. బుట్టని మోసే పని భవనానిది. అదే పనిని చక్రాల మీద తిరిగే ఒక పెట్టెతో చేయించాలనుకున్నప్పుడు మాలాంటి వాళ్లకి చేతినిండా పని, తలనిండా లెక్కలు వచ్చిపడ్డాయి.

ఏతం చూసినవాళ్లకి ఈ లెక్క కొత్తేమీ కాదు. ముందు బొక్కెన, వెనక రాయి, మధ్యలో ఆనుకునే చోటు. పోలులో ముందు రింగు, వెనక పెట్టెలోని బరువు. ఆనుకునే చోటు మాత్రం చాలామంది అనుకునే పోలు మొదలు కాదు, పెట్టె ముందంచులో నేలకి తగిలే చక్రం. పడితే పోలు ఆ చక్రం మీంచే పడుతుంది. కాబట్టి దూరాలన్నీ అక్కడి నుంచే కొలవాలి.

ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న మామూలు ఇంటి రకం ఒకటి తీసుకుందాం. రింగు కొస చక్రానికి 90 సెంటీమీటర్లు ముందుకుంది. 70 కిలోల కుర్రాడు దాన్ని పట్టుకుని వేలాడితే, 70ని 0.9తో గుణించి 63 అని రాసుకోండి. బోర్డు, దాన్ని పట్టుకునే చట్రం కలిపి 40 కిలోలు, 40 సెంటీమీటర్లు ముందుకి అనుకుంటే మరో 16. పడదోసే వైపు మొత్తం 79. వెనక ట్యాంకులో 130 లీటర్ల నీళ్లున్నాయి, వాటి బరువు మధ్యభాగం చక్రానికి 60 సెంటీమీటర్లు వెనక ఉంది. ఆపే వైపు 78. అంటే కుర్రాడు ఊపిరి బిగబట్టి కదలకుండా వేలాడితేనే పరిస్థితి అటో ఇటో అన్నట్టుంది. ఎగిరి పట్టుకున్నాడంటే ఆ క్షణంలో రింగు మీద పడేది వాడి బరువుకి రెండింతలనే వేసుకోవాలి.

నీళ్ల బదులు పొడి ఇసుక పోస్తే అదే ట్యాంకు 208 కిలోలు పడుతుంది. ఆపే వైపు 125కి చేరుతుంది. ఎగిరి వేలాడే కుర్రాడి లెక్క బోర్డుతో కలిపి 142, అప్పటికీ చాలదు. అదే ఇసుకని ఇంకో అడుగు వెనక్కి జరిపామనుకోండి, 187. పోలు నిలబడింది. పైసా బరువు కొనలేదు, ఉన్నదాన్నే వెనక్కి జరిపాం. ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే.

అలాగని బరువంతా పెట్టె తోక చివర కుప్పపోస్తే సరిపోదు. గాలి ఉందిగా. సెకనుకి 20 మీటర్ల గాలి, అంటే గంటకి 72 కిలోమీటర్లు, చదరపు మీటరుకి 240 న్యూటన్ల ఒత్తిడి పెడుతుంది. ఇంటి రకం బోర్డు విస్తీర్ణం 0.8 చదరపు మీటర్లనుకుంటే దాని మీద దాదాపు 20 కిలోల తోపుడు. కానీ అది పడేది 3.2 మీటర్ల ఎత్తులో. గుణిస్తే 64. అంటే మన కుర్రాడు వేలాడినంత! పైగా కుర్రాడు ఎప్పుడూ ముందువైపే లాగుతాడు, గాలి ఎటైనా తోస్తుంది. ఎదురుగాలికి పోలు వెనక్కి పడబోతే, బరువుకి వెనక మిగిలిన పెట్టె పొడవే దాన్ని ఆపాలి. అందుకే బరువు వెనక్కి, దాని వెనక ఇంకాస్త తోక, పక్కలకి తగినంత వెడల్పు.

తుపాను సంగతి వేరు. కట్టడాల మీద గాలి భారానికి మన ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాదుకి సెకనుకి 44 మీటర్లు, విజయవాడకీ విశాఖకీ 50 మీటర్లు లెక్కేసుకోమంటుంది. వేగం రెండున్నర రెట్లయితే ఒత్తిడి ఆరింతలు దాటుతుంది. దానికి తట్టుకునే పోర్టబుల్ పోలు చేస్తే అది పోర్టబుల్ అవదు. కాబట్టి బోర్డుని కిందికి దించి, పోలుని పడుకోబెట్టి కట్టేసే వీలు ఉండాలి. దించడం తేలికైతేనే మబ్బు పట్టినప్పుడు ఎవరైనా దించుతారు.

పెద్ద పోటీల్లో వాడే పోళ్ల కథ ఇంకా కష్టం. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధన ప్రకారం పోలు మెత్తల ముందంచు కోర్టు ఎండ్‌లైనుకి రెండు మీటర్లు బయట ఉండాలి, బోర్డు లైనుకి 1.2 మీటర్లు లోపల ఉండాలి. రింగు కొస దాకా కొలిస్తే పెట్టె నుంచి దాదాపు 3.8 మీటర్లు. అంత దూరం చెయ్యి చాచిన పోలుని నిలబెట్టాలంటే వెనక వందల కిలోల దిమ్మలు పెట్టాలి. 1993 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో ఎన్‌బీఏ ఆటగాడు షకీల్ ఓనీల్ డంక్ చేస్తే బోర్డుని మోస్తున్న స్టాండు మడతపడి కిందికి వాలిపోయింది. ఏప్రిల్లో న్యూజెర్సీలో ఏకంగా బోర్డే ఊడి వచ్చింది. అడుగు ఎంత గట్టిదైనా పై కీళ్లు బలహీనమైతే లాభం లేదన్నమాట.

కుదుపు తగ్గించే ఉపాయం ఒక ధాన్యం గిడ్డంగి ఉద్యోగికి తట్టింది. ఇల్లినాయిస్‌కి చెందిన ఆర్థర్ ఎహ్రాట్ జాన్ డీర్ కంపెనీ కల్టివేటర్ స్ప్రింగుతో వంగి లేచే రింగు తయారుచేశాడు. 1982లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు ఫిబా పోటీల్లో రింగు కొసన 82 కిలోలకీ 105 కిలోలకీ మధ్య బరువు పడినప్పుడు అది వంగాలి. రింగు కాస్త లొంగితే పెట్టెకి ఆ మేరకు దెబ్బ తగ్గుతుంది.

ఇక్కడిదాకా అంతా లెక్కే. లెక్కకి అందనిది కొన్నవాళ్ల అలవాటు. ట్యాంకు సగమే నింపుతారు. తక్కినది రేపు పోద్దామనుకుంటారు. సగం నిండిన నీళ్లు సగం బలం కూడా ఇవ్వవు. పోలు ముందుకి వంగుతున్నప్పుడు నీళ్లూ ముందుకే పరుగెత్తుతాయి, బరువు వెనక కావాల్సిన క్షణంలోనే వెనక ఖాళీ అవుతుంది. ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్కు సన్నగా చీలి, చుక్క చుక్కగా కారిపోతుంది. పైకి చూస్తే ట్యాంకు నిన్నటిలాగే ఉంటుంది. ఇసుక కారదు గానీ తడి పట్టుకుంటుంది, పోలు మొదట్లో తుప్పు మొదలవుతుంది. అక్కడెవరూ వంగి చూడరు.

2025 నవంబరులో హర్యానాలోని రోహ్‌తక్ జిల్లా లఖన్ మాజ్రాలో పదహారేళ్ల జాతీయ స్థాయి ఆటగాడు రింగు అందుకోబోగా పోలు కూలి ఛాతీ మీద పడి చనిపోయాడు. అదే వారంలో బహదూర్‌గఢ్‌లో మరో అబ్బాయి ఇలాగే పోయాడు. అవి చక్రాల పోళ్లు కావు, నేలలో పాతినవి. అయినా ఆ వార్త చదివాక నా పనిలో ఒక మాట ఖాయం చేసుకున్నాను. పోలు నిలబడటం అనేది ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేసే పని మీద ఆధారపడకూడదు.

రింగుకి వేలాడొద్దని బోర్డు మీద స్టిక్కరు అంటించొచ్చు. పదిహేనేళ్ల పిల్లాడు ఆ స్టిక్కరుని కూడా చేత్తో అందుకోవడానికే ఎగురుతాడు. వాడు వేలాడతాడనే లెక్కేసుకోవాలి. నీళ్లు పోయడం మరిచిపోతారనే అనుకోవాలి.

అందుకే నేను ట్యాంకులు మానేశాను. నీళ్లయితే 200 కిలోలకి 200 లీటర్ల చోటు కావాలి, ఇసుకకి 125, కాంక్రీటుకి 83 చాలు. ఇనుప పెట్టెలో కాంక్రీటు పోసి పైన ప్లేటు వెల్డింగ్ చేసేస్తాం. బరువు షెడ్డులోంచే పోలుతో పాటు బయల్దేరుతుంది, దారిలో తగ్గదు. నాలుగు మూలలా స్క్రూ జాకులు పెడతాం. ఆడేటప్పుడు చక్రాలు గాల్లో ఉండాలి, పెట్టె జాకుల మీద నిలవాలి. జాకులు పెట్టె కొసల్లో ఉంటాయి కాబట్టి ఆనుకునే చోటు చక్రం నుంచి ముందుకి జరుగుతుంది, ఎగుడుదిగుడు నేల మీద కూడా నాలుగూ ఆనతాయి. పోలు మొదట్లో వాన నీళ్లు నిలవకుండా కన్నం ఉంటుంది, తుప్పు పడితే కనబడేలా ఆ చోటు తెరిచే ఉంచుతాం.

మొన్నామధ్య ఒక స్కూలు పీఈటీ సారు కొటేషన్ చూసి, "ఏంటి గురువుగారూ, కాంక్రీటుకి కూడా డబ్బులా? ఖాళీ పెట్టె ఇవ్వండి, ఇసుక మా పిల్లలే నింపుకుంటారు" అన్నారు. బడ్జెట్ ఆయన చేతిలో లేదు, నాకు తెలుసు. రంగులో తగ్గించుకుందాం, బోర్డు అక్రిలిక్ వేసుకుందాం, కావాలంటే నెట్ నేను ఊరికే ఇస్తాను అన్నాను. పెట్టె మాత్రం నిండుగానే పంపుతానని చెప్పాను. కొనేవాళ్లకి నాదో సలహా: ఎక్కడ కొన్నా సరే, బోర్డుని వేలితో కొట్టి చూసే ముందు పెట్టె ముందంచు నుంచి బరువు ఎంత వెనక ఉందో టేపు పెట్టి కొలవండి. ఆ కొలత చెప్పలేని దుకాణదారు ఎంత తగ్గించి ఇచ్చినా ఖరీదైన సరుకే అమ్ముతున్నట్టు.