టపాలో తిరిగిన పాటలు

వేర్వేరు బృందాల సంగీతకారులు తమ సొంత బృందాలను కొంతకాలం పక్కన పెట్టి ఉమ్మడిగా చేసిన ఆల్బమ్‌ను వినేటప్పుడు శ్రోత మీద ఒక అదనపు బాధ్యత పడుతుంది. పాటను వినడంతోపాటు ఆ పాట వెనుక జరిగిన పని పంపకాన్ని కూడా వినాలి. ఒకరు ఎంతవరకు చేసి ఎక్కడ ఆగారో, ఇంకొకరు దానిని ఎక్కడ అందుకున్నారో చెవితోనే పోల్చుకోవాలి. ఈ రకమైన శ్రవణానికి 'ది పోస్టల్ సర్వీస్' పేరుతో 2003 ఫిబ్రవరిలో వెలువడిన 'గివ్ అప్' ఆల్బమ్‌కన్న మంచి పాఠం దొరకడం కష్టం.

ఈ ఆల్బమ్‌ను ఇండీ పాప్ అంటారు. పెద్ద సంగీత సంస్థల అండ లేకుండా, చిన్న స్వతంత్ర ప్రచురణ సంస్థల ద్వారా వచ్చే సంగీతానికి ఇండీ అనే పేరు స్థిరపడింది. రాగం సులభంగా నోటికెక్కే చిన్న పాటలు కాబట్టి అది పాప్. తెలుగునాట ఈ స్థానం సినిమా పాటకు వెలుపల పుట్టిన పాటది. సాలూరు రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గ్రామఫోన్ రికార్డులకు పాడిన ప్రైవేటు పాటలు, ఆకాశవాణి కేంద్రాలు పెంచి పోషించిన లలిత గీతాలు ఆ కోవలోనివే. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది కనుక ఆ నగరంలోని గోపాలపట్నం పాత తరం శ్రోతలకు, కవి ఒకరు, బాణీ కట్టినవారు మరొకరు, పాడినవారు ఇంకొకరు అని పేర్లు విని, ఆ తరువాత పాట వినే అలవాటు బాగా తెలుసు. ఇప్పటి ఫోన్లలో పాట పేరు, గాయకుడి పేరు తప్ప తక్కినవారు వెంటనే కనిపించకపోవడం శ్రవణానికి జరిగిన నిజమైన నష్టం.

'గివ్ అప్' తయారైన తీరు ఆ బృందం పేరులోనే ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ఉండే జిమ్మీ టాంబొరెలో, 'డింటెల్' పేరుతో కంప్యూటర్ మీద సంగీతం చేసేవాడు. సియాటిల్‌లో ఉండే బెన్ గిబర్డ్, 'డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ' అనే గిటార్ బృందానికి గాయకుడు, రచయిత. 2001లో వచ్చిన డింటెల్ ఆల్బమ్‌లో ఒక పాటకు కలిసి పనిచేసిన తరువాత ఇద్దరూ పూర్తి ఆల్బమ్‌కు పూనుకున్నారు. టాంబొరెలో సింథసైజర్, డ్రమ్ మెషీన్, అంటే వాద్య ధ్వనులనూ తాళాన్నీ విద్యుత్తుతో పుట్టించే యంత్రాలతో నేపథ్యం కట్టి టపాలో పంపేవాడు. గిబర్డ్ దానిని అవసరమైన చోట కత్తిరించి, మాటలు రాసి, పాడి, గిటార్ చేర్చి తిప్పి పంపేవాడు. 'రైలో కైలీ' బృందపు జెన్నీ లూయిస్ అనేక పాటలలో గొంతు కలిపింది; గిబర్డ్ బృందంలోని క్రిస్ వాల్లా కూడా ఒక చేయి వేశాడు. అమెరికా తపాలా శాఖ పేరు వాడకం మీద మొదట అభ్యంతరం చెప్పి, తరువాత ఒప్పందానికి వచ్చి, ఆ ఆల్బమ్‌ను తానే అమ్మిపెట్టింది.

ఇలా పంపేవాడికి ఒక నిగ్రహం కావాలి. ఎదుటివాడు పక్కన లేడు కనుక వివరించే వీలు లేదు. నేపథ్యంలోనే అతనికి చోటు వదలాలి, అయితే ఆ చోటు వెలితిలా వినిపించకూడదు. 'సచ్ గ్రేట్ హైట్స్' పాట మొదట్లో ఎడమ చెవికీ కుడి చెవికీ మధ్య గెంతుతూ ఉండే చిన్న చిన్న ధ్వనులు గొంతు ప్రవేశించాక కూడా ఆగవు. గొంతు మాత్రం ఆ గెంతులకు లొంగకుండా, వాటి మీదుగా సాగే పొడుగు స్వరాలను పట్టుకుంటుంది. యంత్రం తరిగినట్టు పలికిన చోట మనిషి సాగదీసి పలకడమే ఆ పాట అందానికి మూలం. గోపాలపట్నంలో, సింహాచలం రైల్వే స్టేషన్‌కు దగ్గరి ఇళ్లలో, హౌరా–చెన్నై మార్గంలో రైళ్లు పోతూనే ఉండే చోట, ఈ సన్నని ధ్వనులు గదిలోని స్పీకరులో సగం మునిగిపోతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొదటిసారి ఎడమ చెవిని, రెండవసారి కుడి చెవిని, మూడవసారి గొంతును మాత్రమే వెంబడించినవారికి ఆ పాట కట్టడం మొత్తం తెలుస్తుంది.

'నథింగ్ బెటర్' పాట ఇంకొంత లోతైనది. విడిపోతున్న ప్రియురాలిని ఆపాలని పురుషుడు తన వాదన వినిపిస్తాడు. అప్పుడు గాయని జెన్ వుడ్ గొంతు వచ్చి ఆ వాదనను ఖండిస్తుంది. బుర్రకథ తెలిసిన శ్రోతకు ఈ నిర్మాణం కొత్త కాదు. అక్కడ తంబుర పట్టిన కథకుడికి ఇరుపక్కలా హాస్య వంత, రాజకీయ వంత నిలబడి, అతడు చెప్పినదానికి ఊ కొట్టడంతో సరిపెట్టక, అడ్డుపడి అడుగుతారు, కథను మరో వైపు తిప్పుతారు, అందువల్లనే ఆ కథ ఒక్కరి సొత్తుగా మిగలదు. ఈ పాటలోనూ రెండవ గొంతు రాకపోతే శ్రోత పురుషుడి మాటనే నమ్మి జాలిపడి ఉండేవాడు. ఉమ్మడి ఆల్బమ్‌లో బయటినుంచి వచ్చిన గొంతుకు ఇవ్వదగిన అత్యున్నత గౌరవం ఇదే, కాదనే హక్కు ఇవ్వడం.

అన్ని ఉమ్మడి ఆల్బమ్‌లూ ఇలా అతుకు కనబడేలా ఉండవు. టొరంటోలోని అనేక బృందాలవారు కలిసి 'బ్రోకెన్ సోషల్ సీన్' పేరుతో 2002లో చేసిన 'యూ ఫర్గాట్ ఇట్ ఇన్ పీపుల్'లో గిటార్లు, బాకాలు, గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఎవరిది ఏదో చెప్పలేని స్థితి వస్తుంది. అదొక గొప్ప ఆల్బమే గాని, వినడం నేర్చుకునేవారు అక్కడ మొదలుపెడితే దారి దొరకదు.

'ది పోస్టల్ సర్వీస్' రెండవ ఆల్బమ్ చేయలేదు, ఎవరి బృందాలకు వారు తిరిగి వెళ్లారు. అమెరికాలో పది లక్షల ప్రతుల మైలురాయిని 2012లో దాటిన ఆల్బమ్‌కు కొనసాగింపు లేకపోవడం కొందరికి నిరాశ కలిగించింది. అయితే శ్రోత చేయగల పని ఒకటి మిగిలే ఉంది. 'సచ్ గ్రేట్ హైట్స్'ను 'ఐరన్ అండ్ వైన్' పేరుతో పాడే శామ్ బీమ్ గిటార్ మీద నెమ్మదిగా పాడిన రూపాన్ని ముందు వినాలి. యంత్రం తీసేస్తే పాటలో మిగిలేది ఎంతో, టాంబొరెలో వంతు ఎంతో అందులో స్పష్టపడుతుంది. ఆ తరువాత డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ అదే 2003లో తెచ్చిన 'ట్రాన్సట్లాంటిసిజం' వింటే, అదే గొంతు, అదే దూరం, అదే ఎడబాటు వినిపిస్తాయి, కాని ఇక్కడ గిబర్డ్ చుట్టూ ఉన్నవారు ఒకే గదిలో వాయిస్తున్నారు కనుక పాట నిదానంగా, పొడవుగా పెరిగి, గిబర్డ్ ఆగిన చోట అందరూ కలిసి అందుకుంటారు.