బోరుకొచ్చిన బుల్లెట్

పాత బుల్లెట్ సైలెన్సర్ నీలంపొగ కక్కుతుంటే మన మెకానిక్కులు ఒక్కమాటలో తేల్చేస్తారు: ‘ఇంజను బోరుకొచ్చింది’. ఆ మాట వినగానే కొత్త సామాను, పెయింటు, క్రోము అన్నీ కలిపి లెక్కేసుకుని, బండిని షెడ్డులో ఓ మూలకు నెట్టేసేవాళ్లే ఎక్కువ. అంత నిరాశ అక్కర్లేదు. పోత ఇనుప సిలిండరున్న 350 ఇంజనును తక్కువ ఖర్చులో మళ్లీ నిలబెట్టే పద్ధతి మన ఆటోనగర్లలో, లేత్ షాపుల్లో తరాలుగా ఉంది. కొలిచాకే కొనాలన్నది అందులో మొదటి నియమం.

మద్రాస్ మోటార్స్ 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్‌కు చెందిన ఎన్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైన ఈ ఇంజను మూలరూపం 2010 ప్రాంతం వరకూ పెద్దగా మారలేదు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, మొత్తం 346 సీసీ. నిదానంగా తిరుగుతుంది, మందమైన ఇనుము. సిలిండరు అరిగితే బోరింగు చేయించి ఒక సైజు పెద్ద పిస్టన్ వేసుకోవచ్చు. అందుకే నలభై యాభై ఏళ్ల బళ్లు ఇంకా రోడ్డు మీదున్నాయి. ఇప్పటి బళ్లలో కొన్నిటికి సిలిండరు లోపల పలచని గట్టి పూత ఉంటుంది. అరిగితే మామూలు బోరింగుకు వీల్లేదు, సాధారణంగా సిలిండరే మార్చాలి.

హెడ్డూ బ్యారెలూ తీయగానే ముందు గోటితో చూడండి. బ్యారెల్ లోపలి గోడ మీద పైనుంచి కిందికి గోరు జార్చితే, పై రింగు వెనక్కి మళ్లే చోట చిన్న గట్టు తగులుతుంది. ఆ గట్టు కిందే అరుగుదల అన్నిటికన్నా ఎక్కువ. తర్వాత బోర్ గేజి పట్టించాలి. పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట ముందువెనకలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. లేత్ షాపుల లెక్క ఇప్పటికీ ‘థౌ’లలోనే నడుస్తుంది, అంటే అంగుళంలో వెయ్యో వంతు. అరుగుదల సుమారు 8 థౌ దాటకపోతే, గీతలు లేకపోతే, పలచగా హోనింగ్ చేయించి కొత్త రింగులతో సరిపెట్టుకోవచ్చు. అక్కడే సగం ఖర్చు మిగులుతుంది. దాటిందా, ‘ట్వంటీ’ పిస్టన్, అంటే 20 థౌ పెద్దది. ఆ తర్వాత ‘ఫార్టీ’. అదీ అయిపోతే బ్యారెల్‌లోకి లైనరు దిగ్గొట్టించి, మళ్లీ 70 మిల్లీమీటర్లకు తెచ్చుకోవచ్చు. పాత బ్యారెల్‌ను తూకానికి వేయడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

పని తెలిసిన లేత్ మేస్త్రీ పిస్టన్ చేతికివ్వకుండా బ్యారెల్ ముట్టుకోడు. డబ్బా మీద ఏ సైజు రాసున్నా, పిస్టన్ స్కర్టును మైక్రోమీటరుతో తనే కొలిచి, దానికి తగిన సందు కలుపుకుని బోరింగు మొదలుపెడతాడు. బిగువు మరీ ఎక్కువైతే వేడికి పిస్టన్ పట్టేస్తుంది. వదులైతే టకటక చప్పుడు, మళ్లీ పొగ. చివర్న హోనింగ్ రాయి గోడ మీద అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు పెడుతుంది. నూనె నిలిచేది ఆ గీతల్లోనే. ఈ పనికి బేరమాడకండి. ఖర్చు తగ్గించుకోవాలంటే క్రోము మానేయండి, పెట్రోలు ట్యాంకు పెయింటు వచ్చే ఏడాదికి వాయిదా వేయండి.

బ్యారెల్ ఇంటికి తెచ్చాక సబ్బు, వేడినీళ్లతో కడగాలి. పెట్రోలుతో తుడిస్తే హోనింగ్ పొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగుల్ని తినేస్తుంది. తెల్లగుడ్డతో లోపల రుద్ది, గుడ్డ తెల్లగానే ఉండేదాకా కడిగి, ఆరగానే నూనె పూయాలి. పైసా ఖర్చులేని పని, అయినా చాలామంది వదిలేసేది దీన్నే. ఒక్కో రింగునూ విడిగా బోరులో పెట్టి కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూడాలి. అంగుళం బోరుకు 4 థౌ అన్న పాత లెక్క ప్రకారం దీనికి దాదాపు 11 థౌ వస్తుంది.

ఇక ఇంజను కింది సగం సంగతి. పిస్టన్ పైకొచ్చిన చోట ఆపి కనెక్టింగ్ రాడ్డును నిలువునా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కాస్త ఊగితే ఫరవాలేదు. నిలువునా టక్కుమందంటే బిగ్ఎండ్ పోయినట్టే, క్రాంకు విప్పాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు. కొత్త బుష్ వేసి, క్రాంకును రెండు సెంటర్ల మధ్య తిప్పుతూ డయల్ గేజి ముల్లు చూసుకుంటూ, రాగి సుత్తితో వక్రత తీసే మనిషి దొరికితే అతనడిగినంత ఇవ్వాలి. అలాంటి చేతులు తగ్గిపోతున్నాయి. ఫ్యుయల్ ఇంజెక్షన్ బళ్లు నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఈ పని నేర్పే తీరిక ఎవరికుంది? ఆయిల్ పంపులు, సీళ్లు కూడా ఇప్పుడే చూసుకోవాలి.

హెడ్డు తేలిక. వాల్వుల్ని గ్రైండింగ్ పేస్టుతో రుద్దాక, హెడ్డును బోర్లించి గుంటలో కిరోసిన్ పోసి, పోర్టుల్లోకి చెమ్మ దిగుతుందేమో చూస్తే చాలు. పుష్‌రాడ్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ మీద, వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఇక ఇగ్నిషన్‌లో కాంటాక్ట్ పాయింట్ల సందు 15 థౌ.

మొదటి 500 కిలోమీటర్లు గంటకు యాభై దాటకుండా నడిపి, నూనె వేడిగా ఉండగానే మార్చి, చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించాలి. ఏ సైజు పిస్టన్ వేశారో, సందు ఎంత వదిలారో ఒక కాగితం మీద రాసి ఆర్సీతో పాటే ఉంచండి. రేపు ఆ బండి ఎవరి చేతికి వెళ్లినా, బ్యారెల్‌లో ఇంకెంత ఇనుము మిగిలిందో వాళ్లకు అదే చెబుతుంది.